నాయకుడు ఆగినప్పుడు గదిలో ఏం జరగాలి
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"ఆగడం" గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే చాలామందికి ధ్యానం, మనశ్శాంతి గుర్తుకొస్తాయి. అవి మంచివే. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఆ జోలికి పెద్దగా పోను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పదిమందికి పెద్దగా ఉన్న మనిషి ఆగితే, ఆ లాభం ముందు పక్కవాళ్లకి దక్కాలి. వాళ్ల దగ్గర సమాచారం ఉంటుంది, అనుమానం ఉంటుంది, ఒక్కోసారి భయం ఉంటుంది. అవి బయటికి రావాలంటే కాస్త సందు కావాలి. మీరు పది నిమిషాలు ఆగినా ఎవరి నోరూ పెగల్లేదంటే, మీరు విశ్రాంతి తీసుకున్నారు, అంతే.

అన్నిటికన్నా చిన్న విరామంతో మొదలుపెడదాం. ప్రశ్న అడిగాక ఆగే విరామం.

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లోని మాటల్ని టేపుల మీద రికార్డు చేసి, టీచరు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున ఒక్క సెకను. ఆలోగా జవాబు రాకపోతే మళ్లీ అడగడమో, ఇంకొకరి వైపు తిరగడమో, తామే చెప్పేయడమో. పిల్లవాడు జవాబిచ్చాక కూడా అదే తంతు, సెకనుకి అటూఇటూగా టీచరు మాట అందుకుంటారు. ఈ రెండు చోట్లా మూడు సెకన్లో, కాస్త ఎక్కువో ఆగేలా టీచర్లకి తర్ఫీదు ఇచ్చారు. పిల్లల జవాబులు పొడవయ్యాయి. "తెలీదు" అనడం తగ్గింది. అడక్కుండానే సందర్భానికి తగిన మాట చెప్పేవాళ్లు పెరిగారు. మందకొడి అని ముద్రపడ్డ పిల్లలు నోరు విప్పారు. టీచర్లలోనూ మార్పు వచ్చింది. వాళ్లు అడిగే ప్రశ్నల సంఖ్య తగ్గి, తీరు మెరుగుపడింది.

తరగతి వేరు, మీటింగ్ వేరు అంటారు. నిజమే, మీటింగులో ఇది ఇంకా కష్టం. పది భాషల్లో మనుషుల సంభాషణల్ని పోల్చిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎడం సగటున సెకనులో ఐదో వంతు. బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మెదడుకి అరసెకను పైన పడుతుంది. అంటే ఎదుటి మనిషి మాట పూర్తి కాకముందే మనం జవాబు తయారుచేసుకోవడం మొదలుపెడుతున్నాం. దీన్ని దురలవాటు అనలేం, మనుషుల మాటలు నడిచే తీరే అంత. అందుకే మూడు సెకన్ల మౌనం మామూలు ఎడానికి పదిహేను రెట్లు. ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బందికి తట్టుకోలేక ముందు మాట్లాడేసేది సాధారణంగా ఆ గదిలో పెద్ద కుర్చీలో ఉన్న మనిషే.

మరి ఎలా చేయాలి? ప్రశ్న ఒక్కసారే అడగండి. అడిగి, మనసులో "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు" అనుకోండి. ఒక్కోటి దాదాపు సెకను తీసుకుంటుంది. ఎవరైనా జవాబు చెప్పాక మళ్లీ అంతే లెక్కపెట్టండి. ఈ రెండో లెక్కని చాలామంది ఎగ్గొడతారు. అసలు సరుకు అక్కడే ఉంటుంది. మనిషి మొదట చెప్పేది సిద్ధంగా ఉన్న జవాబు. మీరు అందుకోకుండా ఆగితే, "అంటే... ఇంకో విషయం కూడా ఉంది" అని మొదలయ్యేదే మీకు కావలసిన జవాబు.

పొరపాట్లు జరిగే చోట్లు కొన్ని చెప్తాను. మౌనం భరించలేక అదే ప్రశ్నని వేరే మాటల్లో అడుగుతాం. వినేవాళ్లు అప్పటిదాకా ఆలోచించింది వదిలేసి మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి. ఆగే మూడు సెకన్లూ ఒకే మనిషి మొహంలోకి చూస్తాం, అతనికది విచారణలా ఉంటుంది. కాగితం వైపో, అందరి మధ్యకో చూడండి. ఇక "గుడ్, వెరీ గుడ్" అని వెంటనే మెచ్చుకోవడం. ఆ మెప్పుతో ఆ మాటకి తలుపు పడిపోతుంది, మిగతావాళ్లకి సరైన జవాబేదో తెలిసిపోయినట్టు అనిపిస్తుంది. మెచ్చుకోవద్దని నేననను, చివర్లో మెచ్చుకోండి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని లాప్‌టాప్ మూస్తూ అడగడం. చెయ్యి ఒకటి చెప్తుంటే నోరు ఇంకొకటి చెప్తోంది. జనం చేతినే నమ్ముతారు. దాని బదులు "ఈ ప్లాన్ దెబ్బతింటే ఎక్కడ దెబ్బతింటుంది?" అని అడిగి, కుర్చీలోనే ఉండండి.

ఇలాంటి బరువైన ప్రశ్నకి మూడు సెకన్లు చాలవు. రెండు నిమిషాలు ఇవ్వండి, అందరూ కాగితం మీద రాయాలి, ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత ఒక్కొక్కరూ తాము రాసినదాంట్లో ఒక్కో అంశం చదవాలి. రాయించడం వల్ల ఒక లాభం ఏమిటంటే, ముందు మాట్లాడినవాళ్లని బట్టి తన మాట మార్చుకునే వీలు తగ్గుతుంది. చేతిలో కాగితం ఉంది కదా.

ఇక్కడ ఎవరు ముందు మాట్లాడాలి అన్న సంగతి వస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన మేనేజ్‌మెంట్ సూత్రమేమీ కాదు. యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో, మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో న్యాయమూర్తుల అభిప్రాయాలు చివర కూర్చున్నవాళ్లతో, అంటే చిన్నవాళ్లతో మొదలవ్వాలని ఉంది. పెద్దాయన ముందు మాట్లాడేస్తే చిన్నవాడు ఎదురు చెప్పలేడని వాళ్లకి తెలుసు. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనెడీ కూడా ఇలాంటి పనే చేశాడు. సలహాదారుల బృందం జరిపిన చర్చల్లో కొన్నిటికి తను వెళ్లలేదు. తను ఎదురుగా ఉంటే తనకి నచ్చే మాటలే చెప్తారేమోనని. అక్టోబరు 16న విషయం తెలిసింది, 22న దేశానికి చెప్పాడు. మొదటి రోజు ఎక్కువగా వినిపించింది వైమానిక దాడి మాటే. ఆ ఆరు రోజుల్లో అది నౌకా దిగ్బంధంగా మారింది. అంతకుముందు ఏడాది క్యూబా మీద అమెరికా చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడికి ముందు ఇలాంటి చర్చ సరిగ్గా జరగలేదు, ఆ దాడి ఘోరంగా విఫలమైంది.

మీరు గది బయటికి వెళ్లక్కర్లేదు. చివరగా మాట్లాడితే చాలు. అయితే ఒక హెచ్చరిక: చివరగా మాట్లాడేవాళ్లు కనుబొమ్మలతో ముందే మాట్లాడేస్తుంటారు. నచ్చిన మాటకి తలూపి, నచ్చనిదానికి వాచీ చూసుకుంటే మీరు మొదటే మాట్లాడినట్టు లెక్క. అందరి మాటకీ ఒకే పని చేయండి, రాసుకోండి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. మీ మౌనం, మీ కింద పనిచేసేవాళ్ల మౌనం ఒక బరువు తూగవు. చెడ్డ వార్త మోసుకొచ్చినవాడు మీ ఎదురుగా నిలబడి ఉండగా మీరు పది సెకన్లు మాట్లాడకపోతే, అతను దాన్ని ఆలోచన అనుకోడు, కోపం అనుకుంటాడు. వచ్చేసారి వార్త ఆలస్యంగా తెస్తాడు, లేదా తీపి పూసి తెస్తాడు. కాబట్టి పెద్దవాళ్ల విరామానికి ఒక మాట తోడుండాలి. "చెప్పినందుకు మంచిది. ఒక్క నిమిషం ఆలోచించుకోనివ్వండి." రెండు వాక్యాలు. అవి లేని మౌనం శిక్షలా ఉంటుంది. గాంధీ సోమవారాలు మౌనం పాటించేవారు. 1947 జూన్ 2 సోమవారం, దేశ విభజన ప్రణాళిక గురించి మౌంట్‌బాటెన్‌ని కలిసినప్పుడు కూడా మాట్లాడలేదు. పాత కవర్ల వెనక రాసి చూపించారు. అంత పెద్ద రోజున ఆ మౌనం ఎవరికీ అవమానంగా తోచకపోవడానికి కారణం ఒకటే, సోమవారం ఆయన మాట్లాడరని అందరికీ ముందే తెలుసు. ముందే తెలిసిన విరామానికి ఎవరూ భయపడరు.

సరే. ఆగడం గురించి ఇంత చెప్పుకున్నాం, ఇక అక్కడ "ఉండడం" గురించి.

మీటింగులో కూర్చున్న మనిషి మనసు అంతకుముందు మీటింగులో ఉంటుంది. ఇది బద్ధకం వల్లో క్రమశిక్షణ లేకో కాదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని ప్రయోగాల్లో చూపించారు. ఒక పని ముగించకుండా రెండోదానికి వెళ్తే, మొదటిదాని తాలూకు ఆలోచన కొంత వెంటే వస్తుంది. రెండో పని నాణ్యత తగ్గుతుంది. 2018లో ఆవిడ, థెరిసా గ్లోంబ్ కలిసి దీనికి మందు కూడా పరీక్షించారు. పని మధ్యలో వదలాల్సి వచ్చినప్పుడు ఎక్కడ ఆపామో, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలో క్లుప్తంగా రాసి పెట్టుకోవాలి. దాంతో వెంటవచ్చే ఆ ఆలోచన తగ్గింది. ఒక్క నిమిషం ఖర్చుకి ఇంత లాభం ఇచ్చే అలవాటు నాకు తెలిసి ఇంకోటి లేదు.

కాబట్టి మీటింగుకీ మీటింగుకీ మధ్య కనీసం ఐదు నిమిషాలు ఉంచుకోండి. గంట మీటింగుని యాభై నిమిషాలకే ముగిస్తామని క్యాలెండర్‌లో పెట్టుకుంటే అది ఎలాగూ అరవైకి సాగుతుంది. "ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది" అని పెట్టుకోవడం మేలు, మొదలయ్యే సమయానికి జనం ఇచ్చే గౌరవం ముగిసే సమయానికి ఇవ్వరు. ఆ ఐదు నిమిషాల్లో మొదటి నిమిషం ముగిసిన మీటింగు గురించి రాయడానికి: ఏం తేలింది, నా వంతు పని ఏమిటి, ఎప్పటికి. తర్వాత రెండు మూడు నిమిషాలు లేచి నాలుగడుగులు వేయండి. చివరి నిమిషంలో రాబోయే మీటింగు కాగితం పైన ఒక్క వాక్యం రాయండి: "ఇక్కడ నేను ఎవరి మాట వినాలి?" ఏం నిర్ణయించాలి అన్నది ఎజెండాలో ఉంటుంది. ఎవరి మాట వినాలి అన్నది ఏ ఎజెండాలోనూ ఉండదు.

ఇది ఎక్కడ చెడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఐదు నిమిషాల్లో మెయిల్ తెరుస్తాం. నాలుగు కొత్త సమస్యలు చదివి, ఒక్కటీ పరిష్కరించకుండా, నాలుగింటినీ నెత్తిన పెట్టుకుని తర్వాతి గదిలోకి వెళ్తాం. దానికన్నా విరామం లేకపోవడమే నయం.

ఫోన్ విషయానికొస్తే, పక్కన ఫోన్ ఉంటే చాలు, ముట్టుకోకపోయినా ఆలోచనా శక్తి తగ్గుతుందని 2017లో ఒక అధ్యయనం చెప్పింది. తర్వాత చేసినవాళ్లకి ఫలితాలు ఒకేలా రాలేదు. అంచేత దాన్ని గట్టి రుజువుగా చూపించను. నా కారణం వేరే. బల్ల మీద ఫోన్ ఉన్నంతసేపూ ఎదుటి మనిషి మీ టైము ఇంకెవరిదో అనుకుంటూ, చెప్పాల్సింది కుదించి చెప్తాడు. బోర్లా పెట్టినా అంతే. సంచిలో పెట్టండి. అత్యవసరమైన కాల్ రావాల్సి ఉంటే మొదట్లోనే చెప్పేయండి, అప్పుడు ఎవరూ తప్పుపట్టరు.

నాయకుడు అక్కడ "ఉండడం" అంటే సమస్య మీదే కళ్లు పెట్టుకుని కూర్చోవడం అని కూడా పొరబడుతుంటాం. 1972 డిసెంబరు 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం 401 మయామీలో దిగబోతోంది. ముందు చక్రం దిగిందని చూపించే దీపం వెలగలేదు. విమానాన్ని 2,000 అడుగుల దగ్గర ఆటోపైలట్‌లో పెట్టి, కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లంతా ఆ బల్బు సంగతి చూస్తున్నారు. ఎత్తుని పట్టి ఉంచే ఏర్పాటు ఎప్పుడో విడిపోయింది, ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగుతోంది. ఎత్తు తేడా వచ్చిందని చిన్న గంట మోగింది, అదీ ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలిపోయింది, 101 మంది పోయారు. చక్రం నిజానికి సరిగ్గానే దిగి ఉంది. పాడైంది బల్బు మాత్రమే.

అక్కడ శ్రద్ధకి కొరత లేదు. అందరి శ్రద్ధా ఒకే చోట ఉంది, అదీ తప్పు. గదిలో పెద్ద సమస్య పుట్టగానే నాయకుడి మొదటి పని దాన్ని ఒకరికి అప్పగించడం. "ఇది మీరు చూడండి, పది నిమిషాల్లో చెప్పండి. మిగతాది నేను చూస్తుంటాను." సాంకేతికంగా మీకే బాగా తెలిసిన సమస్య అయితే ఇది మరీ కష్టం, చేతులు దురదపెడతాయి. సరిగ్గా అప్పుడే వెనక్కి జరగాలి. అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ 1981లో ఒక నిబంధన తెచ్చింది: 10,000 అడుగుల కన్నా కింద ఎగురుతున్నప్పుడు, పని మీద తప్ప వేరే మాట కాక్‌పిట్‌లో ఉండకూడదు. శ్రద్ధని వ్యక్తి మంచితనానికి వదిలేయకుండా ఒక గీత గీశారు. మీ పనిలో ఆ గీత ఎక్కడ? లెక్కలు ముగించే గంటా, షిఫ్టు అప్పగించే పావుగంటా, సాఫ్ట్‌వేర్ విడుదల చేసే రాత్రా? అది తేల్చుకుని, ఆ సమయంలో మీ టీముకి మీ నుంచి కూడా మెసేజ్ వెళ్లకూడదని నియమం పెట్టుకోండి. ఎక్కువగా అంతరాయం కలిగించేది మీరే కాబట్టి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. మంటలు లేచినప్పుడు ఆగగలమా?

మత్తు వైద్యులకి ఒక పద్ధతి ఉంది. పది నిమిషాల కోసం పది సెకన్లు. రాల్, గ్లావిన్, ఫ్లిన్ అనే ముగ్గురు 2008లో దీన్ని రాసి ప్రచారంలోకి తెచ్చారు. రోగి పరిస్థితి ఒక్కసారి విషమించినప్పుడు టీములో ప్రతివాడూ తనకి తోచింది చేసేస్తుంటాడు. చేతులు పది, తలలు పది, ప్లాన్ ఒక్కటీ ఉండదు. అప్పుడు నాయకత్వం వహిస్తున్న వ్యక్తి పైకి వినబడేలా "అందరూ పది సెకన్లు వినండి" అంటారు. ఆ పది సెకన్లలో: ఇప్పుడు అన్నిటికన్నా ప్రమాదకరమైన సమస్య ఏది? మనకి నిజంగా తెలిసినవి ఏమిటి? వేరే అభిప్రాయం ఎవరికైనా ఉందా? ప్లాన్ ఇదీ. నువ్వు ఇది, నువ్వు అది. మొదలుపెట్టండి. ఖచ్చితంగా పదే సెకన్లు పట్టాలని ఏం లేదు, ఆ పరిమాణం గుర్తుండాలని ఆ పేరు. ఎప్పుడు వాడాలి? పరిస్థితి మొదలైనప్పుడు ఒకసారి, చికిత్స పనిచేయనప్పుడు ఒకసారి, కొత్త మనిషి గదిలోకి వచ్చినప్పుడు ఒకసారి. గుండె ఆగిన రోగి విషయంలో ఛాతీ మీద నొక్కే మనిషి నొక్కుతూనే ఉంటాడు, మిగతావాళ్లు వింటారు. ఈ వివరం ముఖ్యం. ప్రాణం నిలబెట్టే పని ఆగదు, చుట్టూ ఉన్న గందరగోళం ఆగుతుంది.

మీ టీములో సర్వర్లు పడిపోయినా, సరుకు ఆగిపోయినా ఇదే వరస పనికొస్తుంది. "వేరే అభిప్రాయం ఎవరికైనా ఉందా" అన్న ప్రశ్న మాత్రం వదలొద్దు. హడావిడిలో ముందు ఎగిరిపోయేది అదే.

ఆపరేషన్ థియేటర్‌లో ముందే నిర్ణయించిన విరామాలూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్ట్ ఇచ్చింది. మూడు చోట్ల ఆగాలి: మత్తు ఇచ్చే ముందు, కత్తి పెట్టే ముందు, రోగి గది దాటే ముందు. రెండో విరామంలో అందరూ తమ పేరు, తమ పని చెప్పుకుంటారు, రోగి ఎవరో, ఏ చోట ఏ ఆపరేషనో పైకి చదువుతారు, రక్తం ఎంత పోవచ్చో సర్జన్ చెప్తారు. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఇక్కడిదాకా చాలామంది చెప్తారు. దీని తర్వాతి కథ కూడా వినండి. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో ఈ చెక్‌లిస్ట్ వచ్చాక ఏమైందో 2014లో ప్రచురించారు. చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. ఎందుకన్న దాని మీద వాదోపవాదాలు ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, కాగితం మీద టిక్కులు పెట్టడం వేరు, ఆగడం వేరు. ఒకళ్లు చదువుతుంటే ఇంకొకళ్లు గ్లవ్స్ వేసుకుంటూ "ఊ, ఊ" అంటే అది విరామం కాదు, నేపథ్య సంగీతం. చేతులు ఆగాయా? కళ్లు పైకి లేచాయా? ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా నోరు విప్పారా? ఈ మూడూ చూడండి. పేరు చెప్పించడం లాంఛనంలా కనిపిస్తుంది గానీ, ఒకసారి మాట్లాడిన మనిషికి రెండోసారి మాట్లాడడం తేలిక.

విరామం మంచిదే అని ఇంతసేపు అన్నాను. ఆగి మరీ ఘోరం చేసిన ఉదాహరణ ఒకటి చెప్పాలి, నా దృష్టిలో ఇవాళ్టి మాటల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

1986 జనవరి 27 సాయంత్రం. ఛాలెంజర్ వ్యోమనౌక మర్నాడు ఎగరాలి. బూస్టర్ రాకెట్లు తయారుచేసే మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజనీర్లు నాసాతో టెలీకాన్ఫరెన్స్‌లో ఉన్నారు. రాకెట్ అతుకుల్లోంచి వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు చలికి సరిగ్గా మూసుకోకపోవచ్చు, 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువుంటే వద్దు అన్నారు. నాసా వైపు నుంచి గట్టి ఎదురు ప్రశ్నలు వచ్చాయి. అప్పుడు థయోకాల్ వాళ్లు ఐదు నిమిషాలు విరామం అడిగారు. లైన్ మ్యూట్ చేశారు. అది అరగంట దాకా సాగింది. వింటుంటే ఎంత బాధ్యతగా ఉంది! ఒత్తిడిలో ఆగారు, తమలో తాము మాట్లాడుకున్నారు. కానీ ఆ అరగంటలో ఏం జరిగింది? ఇద్దరు ఇంజనీర్లు మరోసారి వివరించబోయి, వినేవాళ్లు లేక ఆగిపోయారు. నలుగురు సీనియర్ మేనేజర్లు తేల్చాల్సింది తామేనన్నారు. అందులో ఇంజనీరింగ్ విభాగం పెద్దకి, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమని పైవాళ్లు చెప్పారు. లైన్ మళ్లీ కలిపి, ఎగరొచ్చు అన్నారు. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకి నౌక ముక్కలైంది, ఏడుగురూ పోయారు.

ఆ విరామంలో లోపం ఎక్కడుంది? మూడు చోట్ల. మొదటిది, విషయం తెలిసినవాళ్లు గదిలో ఉన్నారు, నిర్ణయంలో లేరు. రెండోది, రుజువు భారం తలకిందులైంది. సురక్షితమని చూపించాల్సింది పోయి, ప్రమాదమని రుజువు చేయమన్నారు. ఇంజనీరు రోజర్ బోయిజోలీ తర్వాత విచారణలో ఇదే చెప్పాడు. మూడోది, ఆగింది కొత్త సమాచారం కోసం కాదు, అప్పటికే తెలిసిన ఒత్తిడికి సర్దుకోవడానికి. కాబట్టి మీరు "ఐదు నిమిషాలు ఆగుదాం" అన్నప్పుడు మూడు విషయాలు పైకి చెప్పండి. ఏ ప్రశ్నకి జవాబు కోసం ఆగుతున్నాం? అభ్యంతరం చెప్పినవాళ్లు ఈ చర్చలో చివరిదాకా ఉంటారు. ఏ వైపు వాళ్లు రుజువు చూపించాలి? ఈ మూడింట్లో ఏ ఒక్కటి చెప్పకపోయినా, ఆ ఐదు నిమిషాలు బలవంతుడి చేతికి పోతాయి.

పెద్ద నిర్ణయాల దగ్గర రాత్రి గడవనివ్వడం మంచిదని అందరూ అంటారు. అన్ని నిర్ణయాలకీ కాదు. ఇందాక చెప్పిన మిష్నాలోనే మంచి తేడా చూపించారు: నిర్దోషి అని తేలితే అదే రోజు చెప్పేయొచ్చు, మరణశిక్ష అయితే మర్నాటిదాకా ఆగాలి. వెనక్కి తీసుకోగలిగినది ఇవాళే చేసేయండి. తీసుకోలేనిదానికి రాత్రి ఇవ్వండి. మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడం, ఒప్పందం తెంచడం, కోపంగా రాసిన మెయిల్ ఇలాంటివి. మెయిల్ రాయండి, "ఎవరికి" అన్న చోట ఖాళీగా ఉంచి రాయండి, లేకపోతే వేలు జారుతుంది.

కోపం ఆ క్షణంలోనే వస్తే? అప్పుడు ఊపిరి. ఇది మాత్రం చెప్పి తీరాలి, శరీరానికి సంబంధించింది కాబట్టి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. నిమిషానికి ఆరుసార్లు, అంటే నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదిలితే ఆ ప్రభావం బాగా కనిపిస్తుంది. మూడుసార్లకి అరనిమిషం. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే చేయొచ్చు, ఎవరికీ తెలీదు. గట్టిగా నిట్టూర్చకండి, విసుగు అనుకుంటారు.

ఇక విరామానికీ వాయిదాకీ తేడా. ఒకే తేడా, తిరిగొచ్చే సమయం. "ఆలోచిద్దాం" అంటే వాయిదా. "గురువారం 11 గంటలకి చెప్తాను, ఈలోగా ఈ రెండు అంకెలు కావాలి" అంటే విరామం. గురువారం చెప్పలేకపోతే, చెప్పలేకపోతున్నానని గురువారమే చెప్పండి. కొన్నిటికి విరామమే వద్దు. వేధింపు కళ్లముందు జరుగుతుంటే, ఎవరికైనా దెబ్బ తగలబోతుంటే, ముందు ఆపండి, ఆలోచన తర్వాత.

ఆపే హక్కు మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి. టయోటా ఫ్యాక్టరీలో లైను మీది కార్మికుడు తాడు లాగితే టీమ్ లీడర్ వస్తాడు. ఆ బండి నిర్ణీత గీత చేరేలోగా సమస్య తీరితే లైను నడుస్తుంది, తీరకపోతే ఆగుతుంది. తాడు లాగగానే మొత్తం ఆగిపోతే భయపడి ఎవరూ లాగరు. లాగినా ఏమీ జరగకపోతే లాగడం మానేస్తారు. మీ టీములో ఆ తాడు ఏదో, లాగితే ఎన్ని నిమిషాల్లో ఎవరు వస్తారో రాసి పెట్టండి.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

సభలోంచి ప్రశ్న: సార్, మా మీటింగులన్నీ ఆన్‌లైన్‌లోనే. అక్కడ మూడు సెకన్లు ఆగితే లైన్ కట్ అయిందా అని అడుగుతున్నారు.

జవాబు: అడుగుతారు. ఆన్‌లైన్‌లో మాట చేరడానికి, మ్యూట్ తీయడానికే రెండు మూడు సెకన్లు పోతాయి. మాట ఆలస్యంగా వస్తే అవతలి మనిషికి శ్రద్ధ లేదనో, స్నేహంగా లేడనో అనుకుంటామని 2014లో ఒక అధ్యయనం చూపించింది, తప్పు లైనుదే అయినా. అందుకే అక్కడ విరామాన్ని ప్రకటించాలి. "పది సెకన్లు ఆగుతాను, ఆలోచించండి" అని చెప్పి ఆగండి. బరువైన ప్రశ్న అయితే అందరినీ చాట్‌లో టైప్ చేయమనండి, కానీ మీరు "ఇప్పుడు" అనేదాకా ఎవరూ పంపకూడదు. లేకపోతే మొదటి మెసేజ్ చూసి మిగతావాళ్లు తమది చెరిపేసుకుంటారు.

సభలోంచి ప్రశ్న: ఇవన్నీ పై స్థానంలో ఉన్నవాళ్లకి. మా పై అధికారి అసలు ఆగరండీ. మేమేం చేయగలం?

జవాబు: ఆయన్ని ఆగమని అడగకండి, మీకు టైము కావాలని అడగండి. "ఒకసారి ఆలోచించండి సార్" అంటే మీరు ఆలోచించలేదు అన్నట్టు వినిపిస్తుంది. "ఒక అంకె సరిచూసుకోవాలి, రెండున్నరకి మీ దగ్గరుంటాను" అంటే కాదనేవాళ్లు తక్కువ. కారణం చిన్నదిగా, సమయం ఖచ్చితంగా ఉండాలి, రెండున్నర అంటే రెండున్నరకి వెళ్లాలి. రెండు మూడుసార్లు అలా వెళ్తే తర్వాత అరగంట అడిగినా ఇస్తారు. మీ అభ్యంతరం పెద్దదైతే మీటింగుకి ముందే నాలుగు వాక్యాల్లో రాసి పంపండి, అందరి ముందు మొదటిసారి వినిపిస్తే ఆయన వెనక్కి తగ్గడానికి దారి ఉండదు. ఆ నాలుగో వాక్యం "నా అంచనా తప్పని తేలాలంటే ఫలానా లెక్క చూపిస్తే చాలు" అని ఉండనివ్వండి, ఆయనకి చేయడానికి ఒక పని దొరుకుతుంది.